ఇసుక గుర్రానికి ఏ దాణా?

కంప్రెషన్ పెంచిన ఏటీవీ ఇంజిన్లో ఏ పెట్రోలు పోయాలి? వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు తప్పితే మాత్రం ముందు పిస్టన్‌కి చిల్లు, ఆ తర్వాత జేబుకి చిల్లు. ఆ జవాబు వెనక వందేళ్ల కథ ఉంది. అందులో పువ్వులున్నాయి, పందేలున్నాయి, ప్రాణాలు తీసిన విషమూ ఉంది.

నవంబరు నెలాఖరు. అమెరికాలో థ్యాంక్స్ గివింగ్ సెలవులు. కాలిఫోర్నియా దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఇంపీరియల్ ఇసుక తిన్నెలు తిరునాళ్లని తలపిస్తుంటాయి. 40 మైళ్ల పొడవున పరుచుకున్న ఇసుక. కొన్నిచోట్ల 300 అడుగుల ఎత్తున లేచిన దిబ్బలు. ఆ చుట్టుపక్కలంతా ‘గ్లామిస్’ అంటే చాలు, తెలియనివాళ్లుండరు. ‘స్టార్ వార్స్’ సిరీస్‌లో 1983లో వచ్చిన సినిమాకి ఎడారి సన్నివేశాలు తీసింది ఈ తిన్నెల్లోనే. వేలాది కుటుంబాలు డేరాలు, వ్యాన్లు, పొయ్యిలతో సహా దిగిపోతాయి. వాళ్ల ట్రక్కుల వెనకాల ట్రైలర్ల మీద కట్టేసి ఉంటాయి ఏటీవీలు. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారుసైకిల్ లాంటి సీటు, హ్యాండిలు... అవే ఇక్కడి ఇసుక గుర్రాలు.

ఇలాంటి చోట తరచూ వినిపించే కథ ఒకటి ఊహించుకోండి. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నుంచి ఓ కుర్రాడొచ్చాడు. అతని బండి యమహా వైఎఫ్‌జెడ్450. కార్బొరేటర్ ఉన్న పాత మోడల్. చలికాలం ముందు ఇంజిన్ విప్పించి, కంపెనీ పిస్టన్ తీసేసి, కంప్రెషన్ పెంచే రేసింగ్ పిస్టన్ వేయించాడు. సొంతూళ్లో నెలరోజులు తిప్పాడు. బంకులో దొరికే ప్రీమియం పెట్రోలే పోశాడు. బండి పక్షిలా ఎగిరింది. అదే బండి, అదే పెట్రోలు డబ్బా... గ్లామిస్‌కి తెచ్చాడు. పెద్ద దిబ్బ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. సగం దూరం వెళ్లాక రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు. సైలెన్సర్ హోరులో అది అతనికి వినిపించనే లేదు. ఇంకాస్త పైకి వెళ్లాక బండి నీరసించింది. నీలంపొగ కక్కుతూ ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ అంచు విరిగి ఉంది. రింగు ముక్కలు సిలిండర్ గోడల్ని గీరేశాయి.

బండి మారలేదు. పెట్రోలూ మారలేదు. మరి ఇంటి దగ్గర నెలరోజులు లేని జబ్బు ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కణ్నుంచి వచ్చింది?

చెంచాడు చోటు!

ఏటీవీలు పుట్టింది పందేల కోసం కాదు. చలికాలంలో మోటారుసైకిళ్లు అమ్ముడుపోక అమెరికాలోని హోండా డీలర్లు ఖాళీగా కూర్చునేవారు. మంచులోనూ బురదలోనూ నడిచే బండి ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచనలోంచి 1970లో వచ్చింది మూడు చక్రాల హోండా యూఎస్90. గాలిబుడగల్లాంటి టైర్లతో అదో వింత. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాల ‘క్వాడ్‌రన్నర్’ తెచ్చింది. మూడు చక్రాల బళ్లు తిరగబడి ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. అప్పట్నుంచీ నాలుగు చక్రాలదే రాజ్యం. 1987 మోడల్‌గా వచ్చిన రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ యమహా బాన్షీ ఇసుక తిన్నెల మీద దాదాపు ఇరవయ్యేళ్లు హీరోగా వెలిగింది. 2004లో వైఎఫ్‌జెడ్450, 2006లో రాప్టర్ 700 వచ్చాక ఫోర్-స్ట్రోక్‌ల జమానా మొదలైంది.

కొన్నది కొన్నట్టు వాడుకుంటే గొడవే లేదు. కానీ, ‘పక్కవాడి బండి మనకంటే ఒక అడుగు ముందుంది’ అనిపించిన మరుక్షణం పానాలు బయటికొస్తాయి. సైలెన్సర్ మారుతుంది. క్యామ్ మారుతుంది. చివరికి పిస్టన్ మారుతుంది. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్లో ఎంత చోటుంటుందో, పైకి వచ్చినప్పుడు దాన్లో ఎన్నో వంతు మిగులుతుందో చెప్పే లెక్కే కంప్రెషన్ రేషియో. వైఎఫ్‌జెడ్450 సిలిండర్ అడ్డుకొలత 95 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 62 మిల్లీమీటర్లు. లెక్కేస్తే 439 సీసీ. కంపెనీ పెట్టిన కంప్రెషన్ 11.9:1. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమం నలిగి ఇమిడే చోటు కేవలం 40 సీసీ. తలభాగం కాస్త ఉబ్బెత్తుగా ఉండే 13.5:1 పిస్టన్ వేస్తే ఆ చోటు 35 సీసీ అవుతుంది. తేడా ఎంత? అయిదు సీసీ. పిల్లలకి దగ్గుమందు పోసే చెంచాడు!

ఆ చెంచాడు చోటు తగ్గించినందుకు లాభమెంత? ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లోని ఆదర్శ ఇంజిన్ లెక్క ప్రకారం 11.9 నుంచి 13.5కి వెళ్తే సామర్థ్యం పెరిగేది సుమారు 3 శాతం. నిజం ఇంజిన్‌లో అంతకూడా రాకపోవచ్చు. ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ పందెం ఇంజిన్లలో కవాటాలు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌లు వాడతారు. వాటివల్ల పైవేగంలో బలం వస్తుంది. తక్కువ వేగంలో మాత్రం లోపలికొచ్చిన మిశ్రమం కొంత వెనక్కి పారిపోయి ఇంజిన్ నీరసిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెషన్ పెంచుతారు. అంటే క్యామ్, పిస్టన్ జోడెడ్లు. ఒక్కదాన్నే మారిస్తే బండి తిన్నగా సాగదు. తొందరపడి పిస్టన్ ఒక్కటే మార్పించుకున్నవాళ్లు మూడు శాతం ఆశకి ఇంజిన్ మొత్తాన్ని పణంగా పెట్టినట్టే.

పువ్వు చెప్పిన రహస్యం

మెకానిక్‌లు ‘నాకింగ్’ అంటారు. అదేమిటో అర్థమైతే ఆక్టేన్ అర్థమైనట్టే.

స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేయగానే మిశ్రమం మొత్తం ఒక్కసారిగా పేలదు. గడ్డిమేటు ఒక మూల అంటుకుని రెండో మూలకి పాకినట్టు మంట వరసగా పాకుతుంది. అలా పాకుతూ ఇంకా కాలని భాగాన్ని ఓ మూలకి నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక మంట రాకముందే ఆ మూలనున్నది తనంతట తానే భగ్గుమంటే అదే నాకింగ్. ఆ పేలుడు అలలు సుత్తిదెబ్బల్లా పిస్టన్‌ని మోదుతాయి. పిస్టన్ ఒంటిని కాపాడే పలచని చల్లటి గాలిపొరను చెదరగొట్టేస్తాయి. దాంతో అల్యూమినియం నేరుగా మంటకి చిక్కుతుంది. మొదట గుంటలు పడతాయి, తర్వాత అంచు విరుగుతుంది, ఆపైన చిల్లే. సిలిండర్ అడ్డుకొలత పెద్దదయ్యేకొద్దీ మంట ప్రయాణించాల్సిన దూరం పెరుగుతుంది. మూలనున్న మిశ్రమానికి పేలిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. 95, 102 మిల్లీమీటర్ల ఒంటి సిలిండర్లున్న ఏటీవీలకి ఈ బెడద ఎక్కువ ఉండటానికి అదో కారణం.

వందేళ్ల క్రితం ఈ జబ్బుకి మందు కనిపెట్టడానికి అమెరికాలోని డేటన్ నగరంలో ఇద్దరు నడుం కట్టారు. ఒకరు చార్లెస్ కెటరింగ్, రెండోవారు ఆయన దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్‌లీ. మంచు కరగక ముందే పూసే ఓ అడవిపువ్వు మొక్క ఆకులు ఎర్రగా ఉంటాయి. ఎరుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టే అది చలిలోనూ బతుకుతోందేమో, ఇంధనానికీ ఎరుపురంగు వేస్తే ముందే ఆవిరై చక్కగా కాలుతుందేమోనని వాళ్ల ఊహ. నూనెలో కరిగే ఎర్రరంగు చేతికి దొరకలేదు. ఉన్న అయోడిన్ వేశారు. నాకింగ్ తగ్గింది! సంబరపడి తర్వాత వేరే ఎర్రరంగులు వేస్తే ఏమీ కాలేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్ రసాయన గుణం. ఊహ తప్పు. దొరికిన దారి మాత్రం ఒప్పు. ఆ దారిలోనే ఏళ్లతరబడి రకరకాల పదార్థాలు పరీక్షించగా 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. అంటే సీసం. చిటికెడు కలిపితే చాలు, నాకింగ్ మాయం. 1923లో డేటన్‌లోని ఓ బంకులో దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో ముందు నిలిచిన కార్లు తాగింది ఈ సీసం పెట్రోలే. ‘రేసింగ్ ఫ్యూయల్’కి అలా గిరాకీ పుట్టింది.

91కీ 91కీ తేడా ఉంది

మందు దొరికింది. మరి పెట్రోలు మంచిచెడ్డలు కొలిచేదెలా? 1926లో గ్రాహమ్ ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త ఓ తూకం కనిపెట్టారు. నాకింగ్‌ని గట్టిగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కి నూరు మార్కులు. అస్సలు తట్టుకోలేని హెప్టేన్‌కి సున్నా. ఆ హెప్టేన్‌ని అప్పట్లో జెఫ్రీ పైన్ అనే చెట్టు జిగురు నుంచి తీసేవారు! ఏదైనా పెట్రోలు ఈ రెంటి మిశ్రమంలో దేనితో సమానంగా ప్రవర్తిస్తే అదే దాని ఆక్టేన్ నంబరు. 91 అంటే, 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంతో సమానమని.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ఆక్టేన్ అంటే బలం కాదు... ఓపిక. పెట్రోలులో ఎంత శక్తి ఉందో అది చెప్పదు. మంట తన దగ్గరికి వచ్చేదాకా ఎంత ఒత్తిడిని ఓర్చుకోగలదో చెబుతుంది. కంపెనీ ఇంజిన్లో 110 ఆక్టేన్ పోసినంత మాత్రాన బండి పరిగెత్తదు. ఓపిక అవసరమయ్యే ఇంజిన్ ఉన్నప్పుడే దానికి విలువ.

ఇంకో చిక్కుంది. ఆ పరీక్ష రెండు రకాలు. కంప్రెషన్‌ని కావలసినట్టు మార్చగల ఒంటి సిలిండర్ ప్రయోగశాల ఇంజిన్‌ని నిమిషానికి 600 చుట్లు తిప్పి కొలిస్తే వచ్చేది రిసెర్చ్ ఆక్టేన్. 900 చుట్లు తిప్పుతూ, మిశ్రమాన్ని 149 డిగ్రీల దాకా వేడిచేసి కొలిస్తే వచ్చేది మోటార్ ఆక్టేన్. రెండోది కఠిన పరీక్ష కాబట్టి మార్కులు తక్కువ పడతాయి. మన దేశంలో బంకుల్లో చెప్పేది రిసెర్చ్ ఆక్టేన్. అమెరికా బంకుల్లో రాసేది రెండింటి సగటు. కాబట్టి అక్కడి 91, ఇక్కడి లెక్కలో సుమారు 95-96. పేరు ఒకటే, మనుషులు వేరన్నట్టు!

రేసింగ్ పెట్రోలు డబ్బాల మీదా ఇదే తిరకాసు. ఒకరు మోటార్ ఆక్టేన్ రాస్తారు. మరొకరు సగటు రాస్తారు. ఇంకొకరు పెద్దగా కనిపిస్తుందని రిసెర్చ్ ఆక్టేన్ రాస్తారు. వేడెక్కి, అధిక వేగంతో తిరిగే పందెం ఇంజిన్‌కి దగ్గరగా ఉండేది మోటార్ ఆక్టేనే. అందుకే అనుభవజ్ఞులు డబ్బా తిప్పి ముందు ఆ అంకె చూస్తారు.

డెన్వర్‌లో బతికింది... గ్లామిస్‌లో చచ్చింది

ఇప్పుడు మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం. డెన్వర్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే ఆరో వంతు తక్కువ. ఇంజిన్ పీల్చే గాలే పలచన. అందుకే అక్కడి బంకుల్లో 85 ఆక్టేన్ పెట్రోలు కూడా అమ్ముతారు. ఆ పలచని గాలిని 13.5 వంతులకి నలిపితే పుట్టే ఒత్తిడి, స్థూలంగా చూస్తే సముద్రమట్టంలో పన్నెండు వంతుల లోపు నలిపినదానితో సమానం. అంటే కంపెనీ పిస్టన్‌తో సమానం! అతను వేయించిన కొత్త పిస్టన్ పొగరు సొంతూళ్లో బయటపడనే లేదు. గ్లామిస్ దాదాపు సముద్రమట్టానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ గాలి చిక్కన. 13.5 నిజంగా 13.5 అయింది.

రెండో తప్పు కార్బొరేటర్‌లో ఉంది. పలచని గాలికి సరిపడేలా చిన్న జెట్లు బిగించారు. చిక్కటి గాలిలోకి వచ్చేసరికి గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. పెట్రోలు తగ్గితే ఇంజిన్ లోపల వేడి పెరుగుతుంది. మూడోది ఇసుక. మట్టి ట్రాకు మీద గాలిలోకి ఎగిరినప్పుడో, మలుపులోనో యాక్సిలరేటర్ వదులుతారు, ఇంజిన్‌కి ఊపిరి అందుతుంది. ఇసుక దిబ్బ అలా వదలనివ్వదు. చక్రాలు కూరుకుపోతుంటే ఎక్కేదాకా పూర్తి యాక్సిలరేటర్. మూడూ కలిశాయి. ప్రీమియం పెట్రోలు ఓపిక నశించింది.

కాబట్టి, ‘నా ఇంజిన్ ఇన్ని వంతులు, ఏ పెట్రోలు పోయాలి’ అన్న ప్రశ్నకి ఒక్క అంకెతో జవాబు ఉండదు. ఏ ఎత్తులో నడుపుతారు, ఏ క్యామ్ వేశారు, ఇంజిన్‌ని చల్లబరిచేది నీళ్లా గాలా, నిప్పురవ్వ ఎంత ముందు పడుతోంది, ఎంతసేపు పూర్తి యాక్సిలరేటర్‌లో ఉంచుతారు... ఇవన్నీ కలిపి చూడాలి. నీటితో చల్లబడే ఒంటి సిలిండర్ ఫోర్-స్ట్రోక్‌ల విషయంలో ఇంజిన్ బిల్డర్లు సాధారణంగా పాటించే అంచనా మాత్రం ఒకటుంది. 11 వంతుల దాకా అమెరికా ప్రీమియం పెట్రోలుతో గడిచిపోతుంది. 12 దగ్గర గీత మీద నడక. 13 దాటితే నూరుకి పైబడిన ఆక్టేన్ ఉండాలి. 14 దాటితే 110 దరిదాపుల్లో చూసుకోవాలి. 11.9 వంతులున్న కంపెనీ ఇంజిన్ బంకు పెట్రోలుతోనే నడవడానికి కారణం, గది ఆకారం నుంచి నిప్పురవ్వ సమయం దాకా అన్నీ లెక్కగట్టి కుదిర్చినవి కావడమే.

గేజి పెట్టి సిలిండర్ ఒత్తిడి కొలుద్దామనుకుంటే అక్కడా ఓ మాయ ఉంది. ఇలాంటి పెద్ద ఒంటి సిలిండర్లు సులువుగా స్టార్టవడానికి చాలావాటి క్యామ్‌లో ఒత్తిడిని కాస్త వదిలేసే ఏర్పాటు ఉంటుంది. గేజి తక్కువ చూపిస్తుంది. ‘ఇంతేగా’ అని మామూలు పెట్రోలు పోస్తే అంతే సంగతులు.

డబ్బాలో ఏముంది?

అమెరికాలో రేసింగ్ పెట్రోలు అయిదు గ్యాలన్ల డబ్బాల్లో, అంటే సుమారు 19 లీటర్ల లెక్కన దొరుకుతుంది. ధర బంకు పెట్రోలుకి కొన్ని రెట్లుంటుంది. స్థూలంగా ఇవీ రకాలు:

సీసం లేని రేసింగ్ పెట్రోలు: నూరు ఆక్టేన్ దరిదాపుల్లో ఉంటుంది. 12-13 వంతుల ఇంజిన్లకి సరిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్లున్న బళ్లకీ ఇబ్బంది ఉండదు.

సీసం కలిపిన రేసింగ్ పెట్రోలు: 110, ఆపైన. దశాబ్దాలుగా పేరున్నది వీపీ రేసింగ్ కంపెనీ సీ12. దాని మోటార్ ఆక్టేన్ 108. అదే కంపెనీ సీ16 మోటార్ ఆక్టేన్ 117, టర్బోలూ నైట్రస్ వాడే ఇంజిన్ల కోసం. మామూలు 13.5 వంతుల ఇంజిన్లో సీ16 పోయడం అంటే ఈగని కొట్టడానికి రోకలి ఎత్తడమే. సీసం ఆక్సిజన్ సెన్సర్లనీ, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లనీ పాడుచేస్తుంది.

ఆక్సిజన్ కలిసినవి: ఇవే నిజంగా కాస్త బలం పెంచేవి. తమలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తాయి కాబట్టి ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు. అలా కాల్చాలంటే జెట్లు పెద్దవి వేయాలి, లేదా ఇంజెక్షన్ మ్యాపు మార్చాలి. ‘మంచి పెట్రోలు కదా’ అని ఉన్నపళంగా పోస్తే మిశ్రమం పలచనై, కాపాడాల్సిన ఇంజిన్‌నే కాలుస్తుంది.

విమానాల పెట్రోలు: నీలిరంగులో ఉండే 100ఎల్ఎల్. చవగ్గా నూరు ఆక్టేన్ వస్తుందని చాలామంది చూపు దానిమీదే. ‘ఎల్ఎల్’ అంటే సీసం తక్కువని అర్థం... కానీ లీటరుకి 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు. బంకు పెట్రోలు కన్నా తేలిక కాబట్టి కార్బొరేటర్ మళ్లీ సరిచేయాలి. త్వరగా ఆవిరి కాదు కాబట్టి చలి ఉదయాల్లో స్టార్టింగ్ మొరాయిస్తుంది. నిలకడైన వేగంతో తిరిగే విమానం ఇంజిన్ కోసం చేసిన దాణా అది.

ఈ85, మిథనాల్: ఇథనాల్ ఎక్కువగా ఉండే ఈ85 ఆవిరవుతూ వేడిని బాగా లాగేసుకుంటుంది. మిశ్రమం చల్లబడి నాకింగ్ దూరంగా ఉంటుంది. కానీ సుమారు 30 శాతం ఎక్కువ పోయాలి. పైగా బంకులో ‘85’ అని రాసినా అందులో ఇథనాల్ కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంటుంది. డ్రాగ్ పందేలవాళ్లు వాడే మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. పిల్లాపాపలతో డేరా వేసుకున్నచోట దాని జోలికి పోకపోవడమే మేలు.

సీసాల్లో వచ్చే ఆక్టేన్ బూస్టర్ల సంగతీ చూడాలి. ‘30 పాయింట్లు పెంచుతుంది’ అన్న రాత చూసి 91 కాస్తా 121 అవుతుందనుకుంటారు. ఆ వ్యాపారంలో ఒక పాయింటు అంటే ఆక్టేన్‌లో పదో వంతు. ముప్ఫై పాయింట్లు అంటే మూడు. 91 అయ్యేది 94!

చాలామంది చేసే మధ్యేమార్గం కలపడం. 91ని, 110ని సమపాళ్లలో కలిపితే సుమారు 100 వస్తుంది. రెండు అంకెలూ ఒకే పద్ధతిలో కొలిచినవైతేనే ఈ లెక్క. ఎప్పుడూ ఒకే పాళ్లు, అవే రెండు రకాలు వాడాలి. పూటకో వంటకం పెడితే ఇంజిన్‌కి కుదరదు. బాన్షీ లాంటి టూ-స్ట్రోక్‌లలో ఆయిల్ కూడా పెట్రోలులోనే కలుపుతారు. ఆ ఆయిల్ ఆక్టేన్‌ని కాస్త తగ్గిస్తుందన్నది మరవకూడదు.

సరైనదే ఎంచుకున్నామని తెలిసేదెలా? ప్లగ్ చెబుతుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద కాసేపు నడిపి, ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పి భూతద్దంతో చూస్తారు. తెల్లటి పింగాణీ మీద మిరియాలపొడి చల్లినట్టు నల్లచుక్కలో, వెండిరజనులాంటి మెరుపులో కనబడితే నాకింగ్ మొదలైనట్టే. ఆ మెరుపు పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. అప్పుడు చేయాల్సింది యాక్సిలరేటర్ తిప్పడం కాదు. నిప్పురవ్వ సమయాన్ని వెనక్కి జరపడం, మిశ్రమం చిక్కన చేయడం, ఆక్టేన్ పెంచడం.

సీసం నీడ

పిస్టన్ పోతే కొత్తది వస్తుంది. కానీ ఈ కథలో తిరిగిరానివీ ఉన్నాయి. సీసం కనిపెట్టిన మిడ్జ్‌లీ స్వయంగా సీసం విషంతో జబ్బుపడి 1923లో విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో దాన్ని తయారుచేస్తున్న అయిదుగురు కార్మికులు మతి చలించి, నరకం అనుభవించి ప్రాణాలొదిలారు. ఆ వెంటనే విలేకరుల సమావేశం పెట్టిన మిడ్జ్‌లీ, ‘ఏం కాదు’ అని చూపడానికి ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, దాన్ని వాసన చూశారు. వ్యాపారం ఆగలేదు. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా లోకమంతా సీసం పొగనే పీల్చింది. పసిపిల్లల మెదడు ఎదుగుదలని అది దెబ్బతీస్తుంది. ‘ఇంతవరకూ ఫర్వాలేదు’ అనదగ్గ మోతాదంటూ లేదు.

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు పూర్తిగా ఆగిపోయింది. అమెరికా రోడ్ల మీద 1996 నుంచే నిషేధం. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది. అయినా అమెరికాలో పందెం బళ్లకీ, పిస్టన్ ఇంజిన్ విమానాలకీ మినహాయింపు మిగిలిపోయింది. కార్ల పందేల సంస్థ నాస్కార్ 2007లో తనంతట తాను సీసం లేని పెట్రోలుకి మారింది. పందేల జోరేమీ తగ్గలేదు! తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉండే కాలిఫోర్నియా బే ఏరియాలో, శాన్ హోసె నగరంలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో ఆ కౌంటీ చేయించిన అధ్యయనం తేల్చింది. 2022 జనవరి నుంచి అక్కడ సీసం విమాన పెట్రోలు అమ్మకం ఆపేశారు. విమానాల సీసం ప్రజారోగ్యానికి ప్రమాదకరమని 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ అధికారికంగా ప్రకటించింది.

అందుకే ఇప్పుడు చాలామంది బిల్డర్లు పాత ప్రశ్నని తిరగేసి అడుగుతున్నారు. ‘ఈ ఇంజిన్‌కి ఏ పెట్రోలు కావాలి’ అని కాదు... ‘నాకు దొరికే పెట్రోలుకి ఎంత ఇంజిన్ కట్టాలి’ అని. పందేనికి కాకుండా సరదాకి తిరిగే బండైతే, 12.5 వంతుల దగ్గర ఆగి, సీసం లేని నూరు ఆక్టేన్‌తో సరిపెట్టుకుంటే కోల్పోయేది పిసరంత. డేరా పక్కనే ఆడుకుంటున్న పిల్లల ఊపిరితిత్తులకి దక్కేది కొండంత.

మనింటి బండి మాటేమిటి?

ఇసుక తిన్నెలు మనకి దూరం కావచ్చు. బంకు దగ్గర మాత్రం ఈ ప్రశ్న మనకీ ఎదురవుతూనే ఉంది. 2020లో బీఎస్-6 వచ్చినప్పుడు మన మామూలు పెట్రోలుకి కనీసం 91 రిసెర్చ్ ఆక్టేన్ ఉండాలన్నది ప్రమాణంగా ఉండేది. అదే ఏడాది డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100ని తెచ్చింది. ఖరీదైన స్పోర్ట్స్ బైకులకి, టర్బో కార్లకి అది పనికొస్తుంది. 10:1 అటూఇటూ కంప్రెషన్ ఉండే వంద సీసీ బండిలో పోస్తే? ఆ బండి అడగని ఓపికకి డబ్బు కట్టినట్టు. కంపెనీ పుస్తకంలో ఏ ఆక్టేన్ రాశారో చూసుకుని అంతవరకు పోయించుకుంటే చాలు.

ఇంతకీ ఆ డెన్వర్ కుర్రాడు ఏం చేయాలి? సిలిండర్ బాగుచేయించాలి. మళ్లీ 13.5 వేయించేట్టయితే సముద్రమట్టానికి సరిపడే జెట్లు, నూరు దాటిన ఆక్టేన్, తిన్నెల దగ్గర మొదటి అరగంటలోనే ప్లగ్ విప్పి చూసే ఓర్పు ఉండాలి. లేదంటే ఆ చెంచాడు చోటు ఇంజిన్‌కే వదిలేయాలి. గుర్రం ఏదైనా దాణా దాని కడుపుని బట్టి పెట్టాలి, మన ఆత్రాన్ని బట్టి కాదు.

డబ్బా విప్పేముందు...

* డబ్బా మీది అంకె రిసెర్చా, మోటారా, సగటా? ముందు అది తేల్చుకోవాలి. మోటార్ ఆక్టేన్‌తోనే పోల్చుకోవాలి.

* నడిపే చోటు ఎత్తు మారితే జెట్లూ, ఆక్టేనూ మళ్లీ చూసుకోవాలి. కొండ మీద కుదిరింది తీరంలో కుదరదు.

* అవసరమైనదానికంటే ఒకటి రెండు అంకెలు ఎక్కువుంటే ధీమా. పది ఎక్కువుంటే దండగ.

* గట్టిగా మూతపెట్టిన డబ్బాలో, నీడలో దాచాలి. మూత తీసి ఉంచితే తేలిక భాగాలు ఆవిరైపోతాయి. సీసం ఉన్నదాన్ని తెల్లటి ప్లాస్టిక్ క్యానులో ఎండలో పెడితే గుణం పోతుంది. ఇథనాల్ ఉన్నది తేమను పీల్చుకుంటుంది.

* సీసం పెట్రోలుతో చేతులు, పనిముట్లు కడగకూడదు. అది చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. నోటితో పైపు పీల్చి తీయడం అసలే వద్దు. తొడుగులు వేసుకుని, గాలి ఆడేచోట, పిల్లలకి దూరంగా పోసుకోవాలి.

* రేసింగ్ పెట్రోలు పోసిన బండి రోడ్డెక్కకూడదు. అమెరికాలో సీసం ఉన్నది రోడ్డు బండిలో వాడటం చట్టవిరుద్ధం.